నవ్వి వూరుకుంటే చాలునా?

మొన్న మా స్టాఫ్‌రూములో హేతువాద మిత్రుడొకడు వొక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం నా ముందు పడేసి, "చూడండి మాస్టారూ, బైబిలు బండారం!" అన్నాడు. 1987లో లండనులోని నాకబౌట్ సంస్థ ప్రచురించిన 'ఔట్‌రేజియస్ టేల్స్ ఫ్రమ్ ది ఓల్డ్ టెస్టమెంట్' అది. అలన్ మూర్, నీల్ గైమన్, హంట్ ఎమర్సన్ వంటివారు పాత నిబంధనలోని నెత్తుటి కథలను వికట హాస్యంతో బొమ్మలకెక్కించారు. నేనూ నవ్వాను. కాని న్యాయాధిపతుల గ్రంథం దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఆ గ్రంథం 19వ అధ్యాయంలో వొక లేవీయుడు తన ప్రాణం కాపాడుకోవటానికి ఉపపత్నిని గిబియా వూరి దుండగుల ముందుకు నెడతాడు. రాత్రంతా చెరచబడి ఆమె తెల్లవారేసరికి గడప మీద పడివుంటుంది. అతడు ఆమెను 12 ముక్కలుగా కోసి దేశమంతటా పంపుతాడు. ఆమెకు పేరు లేదు. కథ మొత్తంలో వొక్క మాట లేదు.

ఈ బొమ్మల మీద స్వీడనులో కేసు నడిచిందని గైమన్ 2008లో రాశాడు. అభియోగం దైవదూషణ కాదు, స్త్రీలపై హింసను చిత్రించటం. ఆ మాటలు బైబిలులోనివేనని చూపించిన తర్వాతనే కేసు గెలిచారట. బొమ్మ బోనెక్కింది, మూలగ్రంథం సాక్షిగా వచ్చి గౌరవంగా వెళ్ళిపోయింది!

మరి మిత్రుడు చెప్పే బండారమేది? ఇందులో దాచిందేమీ లేదు. ఘోరాన్ని వట్టి పిచ్చితనంగా చూసి నవ్వితే, దాని కారణం అడగాలని మనకు తోచదు. అడిగి చూద్దాం. ఆ అధ్యాయం మొదలయ్యేదే ఇశ్రాయేలుకు రాజు లేని రోజులని. గ్రంథం ముగిసేదీ ఆ మాటతోనే. ఈ మధ్యలో యుద్ధం జరిగింది. చావగా మిగిలిన 600 మంది బెన్యామీనీయులకు భార్యలు కావలసివచ్చారు. యాబేష్గిలాదును ఊచకోత కోసి 400 మంది కన్యలను తెచ్చారు. చాలకపోతే షిలోహు పండుగలో నాట్యమాడే పిల్లలను ఎత్తుకుపొమ్మన్నారు పెద్దలు. రాజు లేకపోతే యింతేనని చెప్పటానికి, ఆ పేరులేని స్త్రీ శరీరాన్ని సాక్ష్యంగా వాడుకున్నారు. రాజ్యాధికారానికి పునాది వాదన అది. దేవుణ్ణి మాత్రమే చూసి నవ్వేవాడు రాజును చూడకుండానే పుస్తకం మూసేస్తాడు.

2009లో రాబర్ట్ క్రంబ్ ఆదికాండం 50 అధ్యాయాలనూ చమత్కారం కలపకుండా గీశాడు. ఆ కథల వెనుక స్త్రీల అధికారం అణగిపోయిన చరిత్ర వున్నదేమోనని పుస్తకం చివర చర్చించాడు. కారణం వెతకటమంటే అదీ.

నిషేధించమనే ఛాందసులతో నాకు పొత్తు లేదు. నవ్వే హక్కు కోసం పోట్లాడవలసిందే. అయితే అభ్యుదయవాది నవ్విన తర్వాత పేజీ తిప్పాలి. మిత్రునికి పుస్తకం తిరిగి యిస్తూ, బైబిలు కూడా తెరిచి 21వ అధ్యాయం చివరిదాకా చదవమన్నాను.