ఈ నెల మాట: నిదానం

బౌషర్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె ఫిజీలోని లౌటోకాలో పుట్టారు. ఇప్పుడు ఒమాన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. యాభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టారు. ఆమె ఇలా అడిగారు: “నేను కొట్టిన బంతి ఎప్పుడూ పక్కకే పోతుంది. అందరూ ‘స్లో, స్లో’ అంటారు. మెల్లగా ఊపితే బంతి ముందుకే పోదు. ఆట మానేద్దామనిపిస్తోంది. వాళ్లు చెప్పేదానికి తెలుగులో సరైన మాట ఏమిటి?”

సరైన మాట ‘మెల్లగా’ కాదండీ. ‘నిదానంగా’.

ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు ఒకే అర్థంలో వాడతాం కూడా. కానీ తేడా ఉంది. “బస్సు మెల్లగా పోతోంది” అంటే వేగం తక్కువ, అంతే. దారిలో రద్దీ ఉండవచ్చు, ఇంజను పాడై ఉండవచ్చు. “డ్రైవరు నిదానంగా నడుపుతున్నాడు” అంటే అతనికి తొందర లేదు, చేసే పని మీద మనసు ఉంది. మెల్లగా అన్నది వేగం గురించి. నిదానం అన్నది మనిషి గురించి. “నిదానమే ప్రధానం” అని పెద్దలు అన్నది అందుకే. “మెల్లగా పోవడమే ప్రధానం” అని ఎవరూ అనలేదు.

బౌషర్‌లో నిదానం అంత తేలిక కాదు. మస్కట్‌లో భాగమైన ఈ విలాయత్‌లోనే ఘాలా ఉంది. అక్కడ చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండల దగ్గర ఒక పాత గోల్ఫ్ మైదానం ఉంది. ఒకప్పుడు అది ఇసుక మైదానం. గల్ఫ్‌లో అలాంటి మైదానాల మీద ఆడేవారు చిన్న చాప ముక్క వెంట తీసుకెళ్లి, దాని మీద బంతి పెట్టి కొట్టేవారు. గుంట చుట్టూ పచ్చికకు బదులు నూనె కలిపిన ఇసుక ఉండేది. అందుకే దాన్ని ‘గ్రీన్’ అనకుండా ‘బ్రౌన్’ అనేవారు. ఇప్పుడు ఘాలాలో గడ్డి ఉంది. ఎండ మాత్రం మారలేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారకముందే మొదలుపెట్టినా, ఎండ ముదిరేలోగా ముగించాలన్న తొందర ఉంటుంది. ఆ తొందర మొదట చేతుల్లోకే వస్తుంది.

సరైన ఊపు ఎలా ఉంటుంది? వడ్లు దంచే రోకలిని గుర్తు చేసుకోండి. చూడకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. రోకలిని ఎత్తడానికి సమయం పడుతుంది. పైన ఒక క్షణం ఆగినట్టు ఉంటుంది. తర్వాత రోకలి తన బరువుతో తానే దిగుతుంది. దిగడం ఎత్తడం కంటే చాలా త్వరగా అయిపోతుంది. పైకి లాగేటప్పుడే తొందరపడితే పోటు రోటి అంచు మీద పడుతుంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో మార్చి మార్చి దంచేటప్పుడు దంపుడు పాట పాడుకునేవారు. ఆ పాట అలసట మరిపించేది. రోకళ్లు ఒకదానికొకటి తగలకుండా లయను కూడా కాపాడేది.

గోల్ఫ్ ఊపు కూడా ఇంతే. అమెరికాకు చెందిన జాన్ నోవోసెల్ పేరున్న ఆటగాళ్ల వీడియోలను ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టాడు. 2004లో దాని మీద ‘టూర్ టెంపో’ అనే పుస్తకం వచ్చింది. వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు. ఒక ఆటగాడికి క్లబ్ వెనక్కి వెళ్లడానికి 24 ఫ్రేములు, దిగి బంతిని తాకడానికి 8 ఫ్రేములు పట్టాయి. ఇంకొకరికి 21, 7. మరొకరికి 27, 9. వేగాలు వేరు, కానీ పాలు ఒకటే: మూడుకు ఒకటి. మొత్తం ఊపు ఇంచుమించు ఒక్క సెకను. అంటే గొప్ప ఆటగాళ్లు మెల్లగా ఊపడం లేదు. వెనక్కి వెళ్లే ఊపుకు ఇవ్వాల్సిన సమయం ఇస్తున్నారు.

సంగీతం నేర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. పాటను ఒకటో కాలంలో పాడినా రెండో కాలంలో పాడినా తాళం మారదు. కాబట్టి లెక్కలు వదిలేసి నోటితో ‘తకధిమి’ అనండి. మొదటి ‘త’ దగ్గర క్లబ్ కదలాలి. ‘మి’ దగ్గర పైకి చేరి తిరగాలి. మళ్లీ వచ్చే ‘త’ మీద బంతికి తగలాలి. త–క–ధి–మి–త. పైకి మూడు పాళ్లు, కిందికి ఒక పాలు. చిన్న దెబ్బలకు నోవోసెల్ చెప్పిన పాలు రెండుకు ఒకటి. దానికి ‘తకిట’ సరిపోతుంది: త–కి–ట–త.

“నేను సరిగ్గా నేర్చుకోలేదు, నా పట్టే తప్పు” అని కూడా ఆమె రాశారు. దర్బన్‌లో భారతీయ కుటుంబానికి చెందిన పాప్వా సేవ్‌గోలమ్ కథ ఆమెకు చెప్పాలి. ఆయన ఇతరుల క్లబ్బులు మోసే కేడీ. ఆట తనంతట తానే నేర్చుకున్నాడు. కుడిచేతివాటం వాళ్లు ఎడమ చేయి పైన పెట్టి పట్టుకుంటారు. ఆయన కుడి చేయి పైన పెట్టేవాడు. ఆ తలకిందుల పట్టుతోనే 1959, 1960, 1964లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నేటాల్ ఓపెన్ గెలిచినప్పుడు వర్ణవివక్ష వల్ల క్లబ్ భవనంలోకి రానివ్వలేదు. బయట వానలో నిలబెట్టి బహుమతి చేతికిచ్చారు. 1965లో గ్యారీ ప్లేయర్‌నే ఓడించి అదే పోటీ మళ్లీ గెలిచాడు. మన పాఠకురాలి ఊరు లౌటోకాలోనే పుట్టిన విజయ్ సింగ్ 2004లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరాడు. ఆయన పట్టు మామూలుదే. పట్టు ఎవరిది వారిదే కావచ్చు. లయ మాత్రం ఉండాలి.

తెలుగు మాట్లాడటం కూడా ఇలాగే అని నాకనిపిస్తుంది. “మెల్లగా మాట్లాడు” అంటే మీరు ఒక్కో మాటా విడదీసి పలుకుతారు. నేను... రేపు... మీ... ఇంటికి... వస్తాను. వినేవారికి అది తెలుగులా వినిపించదు. “రేపు మీ ఇంటికొస్తా” అని ఒక్క ఊపులో అనండి. ముందు ఊపిరి తీసుకోండి, వాక్యం మనసులో పూర్తి కానివ్వండి, తర్వాత వదలండి. యాస ఫిజీదైనా, మారిషస్‌దైనా, నేటాల్‌దైనా ఫరవాలేదు.

ఈ నెల పని: ఈ మూడు వాక్యాలను ‘తకధిమి’ అని తాళం వేసుకుంటూ పదేసి సార్లు పలకండి.
1. నిదానంగా ఎత్తు, తేలిగ్గా దించు.
2. తొందరేం లేదు, కూర్చోండి.
3. ఎండ ముదరకముందే వెళ్లొద్దాం.

కొత్త మాటలు
ఊపు: ఊగే కదలిక, ఉత్సాహం అనే అర్థం కూడా ఉంది.
పాలు: ఇక్కడ వంతు, భాగం. తాగే పాలు కాదు.
పోటు: రోకలి దెబ్బ.
లయ: సమానంగా సాగే నడక.
ముదరడం: ఎక్కువ కావడం. ఎండ ముదిరింది, గొడవ ముదిరింది.