13 అడుగుల ఇల్లు

క్యారవాన్ అనగానే మనకు సినిమా హీరో గుర్తొస్తాడు. షూటింగ్ స్పాట్‌లో చెట్టు నీడన ఏసీ వేసుకుని నిలబడిన బస్సు, దాని తలుపు దగ్గర ఇద్దరు బౌన్సర్లు. అందుకే 2023 జూన్‌లో సెలవు పెట్టి మినియాపొలిస్ వెళ్లినప్పుడు మా అన్నయ్య "క్యారవాన్ కొన్నానురా, రేపు చూపిస్తా" అంటే ఏదేదో ఊహించుకున్నాను. మర్నాడు ఊరికి 30 మైళ్ల అవతల ఒక రైతు షెడ్డులో నాకు కనిపించింది రెండు చక్రాల మీద కూర్చోబెట్టిన కోడిగుడ్డు. తెల్లరంగు పాలిపోయి పసుపు తిరిగింది. తలుపు తీస్తే చెమ్మ వాసన, దాని వెనకే ఎలుకల వాసన.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి 2009లో ఎమ్మెస్‌కు వెళ్లాడు. 2012 నుంచి హెచ్-1బి మీద ఉన్నాడు. గ్రీన్‌కార్డుకు అర్హత ఎప్పుడో తేలింది, వరుస మాత్రం కదలదు. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతానికి మించి వెళ్లకూడదు. భారత్‌కైనా ఐస్‌లాండ్‌కైనా అదే 7 శాతం. రాజనీతి శాస్త్రం క్లాసులో దీన్ని సమానత్వానికి ఉదాహరణగా చెప్పాలో, అసమానత్వానికి చెప్పాలో మా ప్రొఫెసర్లకే తెలియాలి. ఎప్పుడు సర్దుకోమంటారో తెలియనివాడు 30 ఏళ్ల అప్పు మీద ఇల్లు కొనడు. మావాడు 3,200 డాలర్లు పెట్టి చక్రాల ఇల్లు కొన్నాడు.

అది 1978 నాటి స్కాంప్. ఈ రకం బండ్లకు మూలం కెనడాలో ఉంది. 1968లో విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే వ్యక్తి బోలర్ పేరుతో 13 అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ తయారుచేశాడు. చూడటానికి బౌలర్ టోపీలా ఉందని ఆ పేరు. ఆయనకు అంతకుముందు ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకు రూపొందించిన అనుభవం ఉంది. ఈ సంగతి వదిన దగ్గర అనొద్దని అన్నయ్య నా దగ్గర ముందే మాట తీసుకున్నాడు. ఆ అచ్చుల లైసెన్సుతోనే 1970ల మొదట్లో మినెసోటాలోని బ్యాకస్ అనే చిన్న ఊళ్లో తయారీ మొదలైంది. తర్వాత అది స్కాంప్ అయింది. 1973 చమురు సంక్షోభం తర్వాత చిన్న కారు కూడా లాగగలిగే బండి అంటే జనం ఎందుకు మొగ్గు చూపారో వేరే చెప్పక్కర్లేదు.

దీని నిర్మాణం తెలిస్తేగానీ లోపల చెయ్యి పెట్టకూడదు. మామూలు ట్రైలర్‌కు చెక్క చట్రం, దాని మీద రేకు ఉంటాయి. దీనికి చట్రం లేదు. పైసగం ఒక చిప్ప, కింది సగం ఒక చిప్ప. రెండింటినీ నడుము దగ్గర కలిపి గాజుపీచు, రెసిన్‌తో అతికిస్తారు. పేరుకు 13 అడుగులైనా అందులో మూడడుగులు కారుకు తగిలించే కడ్డీదే. మిగిలిన పదడుగుల్లోనే వెనక రాత్రికి మంచంగా మారే బల్ల, ముందు ఒక సోఫా, పక్కన గ్యాస్ పొయ్యి, సింకు, తలుపు పక్కన నిలువు అల్మరా. ఆరడుగుల మనిషి నడిమధ్యన మాత్రం తల వంచకుండా నిలబడగలడు.

అమ్మిన రైతు దాన్ని కొత్తప్పుడు పిల్లల కోసం కొన్నాడట. పిల్లలు పెద్దవాళ్లై తలో రాష్ట్రం పోయారు. మా అన్నయ్య ఉండేది అద్దె టౌన్‌హౌస్. అక్కడి ఇళ్ల సంఘం వాకిట్లో ట్రైలర్ నిలపనివ్వదు (అమెరికాలో ప్రభుత్వం కంటే ఈ సంఘాలకే జనం ఎక్కువ భయపడతారని నాకు అనిపించింది). పని అయ్యేదాకా షెడ్డులోనే ఉంచుకోమన్నాడు ముసలాయన. రోజూ పదింటికి ఫ్లాస్కుతో కాఫీ తెచ్చేవాడు, కాసేపు చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు.

మొదటి వారం పనంతా నీటిని వెతకడమే. చిప్పకు లోపలి అరలన్నీ అల్యూమినియం రివెట్లతో బిగించి ఉంటాయి. అంటే ప్రతి రివెట్టూ బయటికి ఒక బెజ్జమే. 45 ఏళ్లలో వాటిలో సగం వదులయ్యాయి. అన్నయ్య బయట పైపుతో నీళ్లు కొడుతుంటే నేను లోపల టార్చీ, సుద్దముక్కతో కూర్చునేవాణ్ణి. నీరు దూరిన చోట మరక ఉండదు, మరక ఉన్న చోట నీరు దూరదు. కిటికీ పైన ఎక్కడో దిగి, గోడకు అతికించిన నురుగు వినైల్ వెనక నుంచి జారి, సోఫా కింద తేలేది. మధ్యలో ఎవరో కారిన చోటల్లా సిలికాన్ పూసి చేతులు దులుపుకున్నారు. సిలికాన్ ఒకసారి అంటిన చోట తర్వాత మరేదీ అతకదు. దాన్ని గీకడానికే రెండు రోజులు పట్టింది.

రెండో వారం నేనో తెలివైన సలహా ఇచ్చాను. ఆ అల్మరా పీకేస్తే ఎంత చోటు వస్తుందో చూడమన్నాను. మధ్యాహ్నానికి పీకేశాం. నిజంగానే లోపల విశాలంగా కనిపించింది. మర్నాడు పొద్దున తలుపు పడలేదు. ఎంత నెట్టినా పైమూల తన్నుకుంటోంది. పదింటికి ముసలాయన వచ్చాడు, లోపలికి తొంగి చూశాడు, కాఫీ ఫ్లాస్కు కింద పెట్టి షెడ్డు మూల నుంచి ఒక దుంగ తెచ్చి పైకప్పు కింద పోటుగా నిలబెట్టాడు. కప్పు బొటనవేలి మందం కిందికి దిగిందని అప్పుడు తెలిసింది. చట్రం లేని ఇంట్లో ఆ అల్మరానే గుంజ. అదే రోజు దాన్ని కడిగి, ఆరబెట్టి, కొత్త రివెట్లతో ఎక్కడిదక్కడ బిగించాం.

ఇక నేల. చిప్ప అడుగున పరిచిన చెక్క అట్టను అంచుల వెంట గాజుపీచుతో గోడలకు అతికిస్తారు. తలుపు దగ్గర అది మడమతో నొక్కితే లోపలికి పోయేది. అమ్మేటప్పుడే రైతు తన బూటుతో నొక్కి చూపించి మరీ ధర చెప్పాడట. నేల మొత్తం ఒకేసారి కోస్తే చిప్ప విచ్చుకుంటుంది కాబట్టి సగం సగం చేయాలి. గ్రైండర్ పట్టుకుంటే లేచే గాజుపొడి ఒంటి మీద పడితే దూలగొండి రాసినట్టే. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు గ్లౌజులు లేకుండా ఎవరూ ఆ పనికి దిగకూడదు. జూన్ 19 నాటికి సగం నేల కోసి పారేశాం. లోపల నిలబడితే కాళ్ల కింద షెడ్డు గచ్చు కనిపిస్తోంది.

జూన్ 20, మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అన్నయ్యకు ఆఫీసు నుంచి ఈమెయిలు వచ్చింది. ఆ ఏడాది టెక్ కంపెనీల్లో వేలమందికి వచ్చిన మెయిలే. 

హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆ మాత్రం గడువైనా 2017లో వచ్చిన నిబంధన పుణ్యమే. వదిన ఉద్యోగానికి అనుమతి కూడా ఆయన వీసాతోనే ముడిపడి ఉంది. ఆ ఇంట్లో ముగ్గురిలో అక్కడ ఉండే హక్కు పుట్టుకతో ఉన్నది ఎనిమిదేళ్ల పాపకొక్కదానికే. ఆ రాత్రి అన్నాలు తిన్నాక వదిన నోటు పుస్తకం తీసి అమ్మగలిగే వస్తువుల జాబితా రాసింది. కారు, సోఫాలు, పాప పియానో. చివర ట్రైలర్ అని రాసి ఆగింది. "నేల లేని బండిని ఎవడు కొంటాడు? ముందు అది పూర్తి చెయ్యండి" అంది.

అప్పటిదాకా మాకోసం చేసుకున్న పని ఆ రాత్రి నుంచి ఎవరో తెలియని కొనుగోలుదారు కోసం చేసే పని అయింది. పగలు అన్నయ్య ఫోన్ ఇంటర్వ్యూలు, సాయంత్రం షెడ్డు. అక్కడ జూన్‌లో తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. తలుపు దగ్గరి సగానికి కొత్త ప్లైవుడ్ పరిచి, అంచులకు గాజుపీచు వేయాలి. రెసిన్‌తో మా ఇద్దరికీ పరిచయం లేదు. కానీ అది బాగా తెలిసినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఉప్పాడ తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు వచ్చి చాలా ఏళ్లయింది. 2004 సునామీ తర్వాత ఇంకా పెరిగాయి. వాటిని బాగుచేసే మేస్త్రికి వీడియో కాల్ చేశాం. మాకు పొద్దున ఏడు, ఆయనకు సాయంత్రం ఐదున్నర. ఒడ్డున బోర్లించిన పడవ పక్కన నిలబడి ఆయన ఫోన్‌లోంచి ట్రైలర్‌ని ఎగాదిగా చూశాడు.

"ఇది పడవేగదండీ బాబూ, బోర్లించి కిటికీలెట్టారంతే" అన్నాడు.

తర్వాత వరసగా చెప్పాడు. పాత ఫైబర్‌ని బాగా గరుకు పెట్టాలి, నున్నగా ఉంటే కొత్తది పట్టదు. హార్డెనర్ ఎండకాలం తగ్గించి కలపాలి, లేకపోతే డబ్బాలోనే గడ్డకడుతుంది. మ్యాట్ మీద తెల్లగా కనిపిస్తే అక్కడ గాలి ఉన్నట్టు, రోలర్‌తో నొక్కి తీసేయాలి. కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ఆ చివరి మాట వినకుండా మొదటి రోజు మేం కలిపిన డబ్బా పొగలు కక్కింది.

ముందు సోఫా కింద రెండడుగుల మేర మరో మెత్తటి చోటు బయటపడింది జూన్ 26న. రెండు రోజుల్లో నా ప్రయాణం. దాన్ని కోస్తే మళ్లీ నాలుగు రోజుల పని. నేనే అన్నాను, పైన వినైల్ పలకలు పరిచేద్దాం, సోఫా కింద ఎవడు చూస్తాడని. నిజానికి పాత ట్రైలర్లను తెల్లగా ముస్తాబు చేసి రెండింతలకు అమ్మేవాళ్లు చేసేది చాలావరకు ఇదే. అన్నయ్య వెంటనే ఏమీ అనలేదు. వంగి ఆ చోటును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఆయన నాకు చెప్పి అమ్మాడు కదరా" అని గ్రైండర్ అందుకున్నాడు.

మిగతా పనులు అన్నయ్యే చేసుకున్నాడు, నేను హైదరాబాద్ నుంచి ఫోన్‌లో విన్నాను. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు వేశాడు. గోడల మీద వినైల్ వెనక రేకు పొరతో ఉన్న ఇన్సులేషన్ అతికించాడు. అది లేకపోతే ముగ్గురు మనుషులు ఊపిరి తీసినంత మాత్రానికే తెల్లారేసరికి గోడలు నీళ్లు కారతాయి. పరుపులకు గలేబులు, కిటికీలకు పెడన కలంకారీ దుప్పటి చించి కర్టెన్లు వదిన కుట్టింది. గ్యాస్ పొయ్యి విషయంలో మాత్రం భార్యాభర్తలకు వాదన జరిగింది. కొనేవాడికి పొయ్యి ఉండాలని అన్నయ్య. ఉంటే ఉండనీ, లోపల పోపు పెట్టేది లేదని వదిన. ఇంగువ, ఎండుమిర్చి ఘాటు ఆ నురుగు గోడల్లోకి దిగితే ఎన్నేళ్లకు పోతుంది? పొయ్యి ఉంచారు, గొట్టాలకు సబ్బునీళ్లు పూసి లీకులు చూశారు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టారు. ఆ పొయ్యి మీద ఇంతవరకూ పాలు కాచడం తప్ప ఏమీ జరగలేదు. వంట బయట, టార్పాలిన్ కింద.

అమ్మకానికి ఫోటోలు తీసి పెట్టుకున్నారు గానీ అవసరం పడలేదు. 52వ రోజున, ఆగస్టు 11న, టెక్సస్‌లో కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. అక్కడికి దాదాపు 950 మైళ్లు. సామాను లారీలో వెళ్లింది, వీళ్లు ముగ్గురూ ట్రైలర్ కట్టుకుని కారులో బయల్దేరారు. బయల్దేరే ముందు వదిన రెండు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందట. షెడ్డు ముందు నిలబడ్డ ముసలాయన అదేమిటని అడిగితే పాప ఇంగ్లీషులో ఏం చెప్పిందో గానీ, ఆయన లోపలికి వెళ్లి తన ట్రాక్టరుకు కూడా రెండు కావాలన్నాడట. దారిలో రెండో రాత్రి ఓక్లహోమాలో పెద్ద వాన పడింది. తెల్లవారుజామున అన్నయ్య నుంచి ఫోటో వచ్చింది. పొడి నేల, దాని మీద పాప చెప్పులు. ఇంకో ఫోటోలో వెనక కిటికీ మూల ఒకే ఒక్క నీటిచుక్క, దాని చుట్టూ సుద్దముక్కతో గీసిన సున్నా.

గ్రీన్‌కార్డు వరుస ఇంకా అక్కడే ఉంది. ట్రైలర్‌కు వచ్చిన చిక్కు వేరు. మినెసోటా చలికి తగ్గట్టు చేసిన గోడలు డాలస్ ఎండకు చాలడం లేదు. ఏసీ పెట్టాలంటే పైకప్పుకు రంధ్రం కొట్టాలి, అంత బరువు మోయడానికి కింద ఆసరా కావాలి. మొన్న అన్నయ్య కొలతలు చదువుతుంటే రాసుకున్నాను. అల్మరా మాత్రం కదిలించొద్దని ఈసారి నేనే చెప్పాను.