గొంతు మిగిలింది, పేరు పోయింది

2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ పేరును కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది. ఇక్కడి తెలుగువాళ్ల నోట మాత్రం అది ఇంకా పోర్ట్‌బ్లెయిరే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైమాటే. ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరానివి. నలుగురు చేరి సభ పెట్టుకుంటే మొదట వినిపించేది ‘మా తెలుగు తల్లికి’ పాట. ఈ మధ్య అలాంటి చోట ఓ హైస్కూలు అమ్మాయి నన్ను అడిగింది: "ఈవిడ ఏ చానెల్లో పాడతారండీ?"

ఆ ప్రశ్నలో అమ్మాయి తప్పేమీ లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక హైదరాబాద్ సీరియళ్లు, పాటల పోటీలు ఇక్కడి ఫోన్లలోనూ ఆగకుండా ఆడుతున్నాయి. పాడేవాళ్లంటే టీవీలో కనిపించేవాళ్లే. తమాషా ఏమిటంటే, ఆ సీరియళ్లలో చాలామంది నాయికలది సొంత గొంతు కాదు. బెంగళూరు నుంచో కేరళ నుంచో వచ్చిన ముఖానికి హైదరాబాద్ డబ్బింగ్ కళాకారిణి మాట అతుకుతుంది. పాట సంగతి సరే, ఏడుపు కూడా అద్దెదే.

ఆ పాట గొంతు టంగుటూరి సూర్యకుమారిది. 1925లో పుట్టారు. ముఖమూ గొంతూ రెండూ ఒకరివే అయిన కాలంలో, చిన్నపిల్లగానే తెరకెక్కారు. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939), బి.ఎన్.రెడ్డి ‘దేవత’ (1941)లలో నటించారు. ‘కృష్ణప్రేమ’ (1943)లో నారదుడు ఆమే. శంకరంబాడి సుందరాచారి 1942 నాటి ‘దీనబంధు’ కోసం రాసిన గీతం ఆమె గళంలో గ్రామఫోను రికార్డయి ఇంటింటికీ చేరింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది.

ఇంతలో పరిశ్రమ దారి మారింది. 1940ల చివరికి నేపథ్యగానం స్థిరపడింది. నటికి పాట రానక్కర్లేదు, గాయని తెరమీద కనిపించనక్కర్లేదు. భానుమతి లాంటి మొండిఘటం మాత్రం తన పాట తానే పాడతానని పట్టుబట్టి నెగ్గారు. సూర్యకుమారి 1952లో మిస్ మద్రాస్ అయ్యారు. హిందీలో దిలీప్‌కుమార్, నిమ్మీలతో ‘ఉడన్ ఖటోలా’ (1955)లో రాణి పాత్ర వేశారు. నౌషాద్ సంగీతం చేసిన ఆ సినిమా పాటలంటే జనానికి ఇవాళ్టికీ లతా, రఫీలే గుర్తు. ఇంత గొంతున్న మనిషికి ఇది అన్యాయం కాదా అని నాకనిపిస్తుంది. పరిశ్రమకు అలా అనిపించినట్టు లేదు.

ఆమె న్యూయార్క్ వెళ్లారు. అక్కడ 1961లో టాగూర్ నాటకం ‘ది కింగ్ ఆఫ్ ద డార్క్ చాంబర్’లో రాణి సుదర్శన పాత్రకు ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం వచ్చింది. అప్పటికి న్యూయార్క్ రంగస్థలంపై తెలుగు పేరు వినపడటమే అబ్బురం. 1965 నుంచి లండన్. అక్కడ ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అనే సంస్థ పెట్టి పాట, నృత్యం, నాటకం కలిపి ప్రదర్శనలిచ్చారు, తెల్లవాళ్లకూ మనవాళ్ల పిల్లలకూ నేర్పారు. మద్రాసు విడదీసిన మూడింటినీ ఒకే వేదికమీదికి తెచ్చుకోవడానికి ఆమెకు అంత దూరం వెళ్లాల్సి వచ్చింది. చిత్రకారుడు, రచయిత హెరాల్డ్ ఎల్విన్‌ను పెళ్లాడారు. 2005 ఏప్రిల్ 25న లండన్‌లోనే కన్నుమూశారు.

దూరదేశంలో పేరు నిలబెట్టుకున్నవారిని మనం ‘ప్రపంచ తెలుగు’ అని దండలేసి పిలుస్తాం. ఆమె విషయంలో ఆ ఉత్సాహం ఎందుకో తక్కువే. పాట రచయిత పేరు సభల్లో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. పాడినామె పేరు నిర్వాహకులకే గుర్తుండదు. పాట ఎవరి సొత్తన్న గొడవ రాష్ట్ర విభజనతో మరో రూపం తీసుకుంది. తెలంగాణ 2024లో తన గీతాన్ని తాను ఎంచుకుంది. ఆ చర్చంతా సాహిత్యం గురించీ భౌగోళికం గురించే. గొంతు ఊసే లేదు.

అమ్మాయికి పేరు చెప్పాను. "సినిమాల్లో కూడా చేశారా!" అని ఆశ్చర్యపోయింది. పక్కనున్న పెద్దాయన ఇంటిపేరు పట్టుకుని, "ప్రకాశం పంతులుగారికి ఏమవుతుంది బాబూ?" అని అడిగారు. సోదరుడి కుమార్తె అని చెప్పాను. "అదీ సంగతి" అన్నారాయన. తర్వాత సంభాషణంతా పంతులుగారి మీదికే పోయింది.