సీసాలో ఏమున్నది?

మన రామకృష్ణాపూర్ వాసులకు బొగ్గును గురించి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఒక్క విషయం గుర్తుచేస్తాను. గని నుండి వెలికి వచ్చిన బొగ్గంతా నల్లగానే ఉంటుంది. కంటితో చూచి దాని గుణాన్ని కచ్చితంగా నిర్ణయించడం ఎంత అనుభవజ్ఞునికైనా కష్టం. కనుకనే 2012 జనవరి 1 నుండి మన దేశంలో బొగ్గును దాని ఉష్ణ విలువను బట్టి జీ-1 మొదలు జీ-17 వరకు 17 శ్రేణులుగా విభజిస్తున్నారు. అమ్మేవాడు శ్రేణిని ప్రకటించాలి. నమూనా తీసి పరీక్షించాలి. పరీక్షలో తేలిన శ్రేణిని బట్టి ధర నిర్ణయం కావాలి. వస్తువు ఏదో, దాని గుణం ఎంతో చెప్పి అమ్మడమే ఇక్కడి న్యాయం.

వ్యాగన్ల కొద్దీ అమ్మే బొగ్గుకు ఉన్న ఈ న్యాయం అరచేతిలో ఇమిడే చిన్న సీసాకు ఎందుకు ఉండకూడదు? నేను చెప్పబోయేది ఇళ్లలో గాజు తొట్లలో పెంచే చేపల మందులను గురించి. ఇది అల్ప విషయమని కొందరు పాఠకులు నవ్వవచ్చును. చివరి వరకు చదివిన పిమ్మట నవ్వవలసిందిగా ప్రార్థన.

మా తండ్రిగారు భూగర్భ గనిలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. తరువాత కాలక్షేపానికి 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టి కొని, అందులో నాలుగు బంగారు చేపలను, కొన్ని నత్తలను పెంచసాగారు. ఇంటిలోని పిల్లలు ప్రతి చేపకు ఒక పేరు పెట్టుకొన్నారు. ఒక వానాకాలంలో చేపల ఒంటి మీద ఉప్పు కణికల వంటి తెల్లని చుక్కలు కనిపించాయి. పట్నంలోని ఒక దుకాణంలో మందు సీసా కొని తెచ్చాము. సీసా మీద ఎగిరే చేప బొమ్మ, అందమైన పేరు, సకల రోగాలూ నయమవుతాయనే హామీ ఉన్నాయి. "తొట్టికి పది చుక్కలు" అన్నది మోతాదు. లోపలి పదార్థమేదో మాత్రం ఎక్కడా లేదు.

మూడు రోజులు వేసినా చుక్కలు తగ్గలేదు. మళ్లీ వెళితే దుకాణదారు మరొక కంపెనీ సీసా ఇచ్చాడు. దాని మీదా పదార్థం పేరు లేదు. రెండు మందులూ వేళ్లకు ఆకుపచ్చని మరకనే మిగిల్చాయి. మరునాటి ఉదయానికి చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపించాయి. మధ్యాహ్నానికి నాలుగూ పోయాయి; నత్తలు కూడా పోయాయి. పిల్లలు ఏడ్చారు. మా తండ్రిగారు మాత్రం, "నేనే ఎక్కువ పోసినానేమో" అని చాలా రోజులు తమను తాము నిందించుకొన్నారు. గనిలో మందుగుండు పెట్టె మీద పేరు, తరగతి చదవనిదే మూత తీయని మనిషి ఆయన. అటువంటి వ్యక్తికి చదవడానికి ఈ సీసా మీద ఏమీ మిగల్చలేదు.

ఆ రెండు సీసాలలో ఉన్నది ఒకే రసాయనమా, వేర్వేరా? ఒకటే అయితే మేము తెలియక మోతాదును రెట్టింపు చేసినట్లు. వేరైతే రెండింటి కలయిక ప్రమాదకరమై ఉండవచ్చును. మందు తప్పా, మా తప్పా, నీటి తప్పా అన్నది ఈనాటికీ తేలలేదు. తేల్చుకొనే మార్గం లేదు. ఆ మార్గం లేకపోవడమే ఈ వ్యాసానికి కారణం.

నిజానికి ఈ మందులలో గొప్ప రహస్యమేదీ లేదు. చేపల తొట్టి మందులలో సాధారణంగా వాడేవి మాలకైట్ గ్రీన్, మిథిలీన్ బ్లూ, ఫార్మలిన్, మైలతుత్తం, ఉప్పు, పొటాషియం పర్మాంగనేట్ వంటివే. మిథిలీన్ బ్లూ 1876లోను, మాలకైట్ గ్రీన్ 1877లోను జర్మనీలో తయారైన అద్దకపు రంగులు. రసాయనశాస్త్ర విద్యార్థి ఎవరైనా ఎరిగిన పేర్లు ఇవి. కాని వీటిలో ఒక్కొక్కదాని స్వభావం ఒక్కొక్కటి. రాగి లవణం తెల్ల చుక్కల క్రిములను చంపుతుంది. నత్తలను, రొయ్యలను కూడా చంపుతుంది. మృదుజలంలో దాని విషప్రభావం ఎక్కువ, కఠినజలంలో తక్కువ. ఫార్మలిన్ నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తుంది. కనుక గాలి పంపు నడపకుండా దానిని వాడకూడదు. పదార్థం పేరు తెలియనివాడు ఈ జాగ్రత్తలలో ఏ ఒక్కటైనా ఎట్లా తీసుకోగలడు?

మోతాదు సంగతి కూడ చూడండి. మా తొట్టి కొలతల ప్రకారం నిండుగా 56 లీటర్ల నీరు పట్టాలి. అడుగున పరచిన గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసివేస్తే ఉన్నది సుమారు 45 లీటర్లు. "తొట్టికి పది చుక్కలు" అంటే ఎన్ని లీటర్ల తొట్టికి? అందులో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు పడినట్లు? లెక్క చేయడానికి వీలులేని మోతాదు మోతాదే కాదు.

ఇక "ఒక్క రాత్రిలో నివారణ" అనే ప్రకటన. తెల్ల చుక్కల జబ్బును కలిగించే క్రిమి చేప చర్మం పొర క్రింద దాగి ఉంటుంది. ఆ దశలో నీటిలోని మందు దానిని తాకదు. అది పెరిగి రాలి, తొట్టి అడుగున చేరి, వందలాది పిల్లలుగా విడిపోయి, అవి మరొక చేపను వెదకుతూ ఈదేటప్పుడే మందు పనిచేస్తుంది. కావున కొన్ని రోజుల పాటు చికిత్స సాగించడం తప్పనిసరి. ఈ నాలుగు మాటలు సీసా మీద ఉంటే మేము మూడవ రోజున నిరాశ చెంది రెండవ సీసా కొనే అవసరం ఉండేది కాదు.

దీనికి తయారీదారులు చెప్పే సమాధానం ఒకటున్నది: "సూత్రం బయటపెడితే పోటీదారులు కాజేస్తారు." ఈ వాదం నిలువదు. క్రొత్తదాన్ని కనుగొన్నవారికి పేటెంటు చట్టం రక్షణ ఇస్తుంది. అయితే వివరం బయటపెట్టిన వారికే ఇస్తుంది. శతాబ్దంన్నర నాటి అద్దకపు రంగును నీటిలో కలిపి అమ్మేవాడు దాచుకొనే విద్య ఏమున్నది? మన యునానీ, ఆయుర్వేద మందులనే చూడండి. తరతరాల హకీముల, వైద్యుల యోగాలైనా సరే, 1945 నాటి డ్రగ్స్ నిబంధనలలోని 161వ నిబంధన ప్రకారం వాటిలో వాడిన పదార్థాల నిజమైన పట్టిక సీసా మీద ఉండవలసిందే. హకీము చెప్పగలిగినది తొట్టి మందు వ్యాపారి చెప్పలేడా?

"చేపలే గదా" అనేది రెండవ సమాధానం. కాని మందు వేసేది మనిషి చేయి. ఆ నీటిని పారబోసేది మన పెరటిలో. ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ ద్రావణం. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో దానిని మనుష్యులకు కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మాలకైట్ గ్రీన్‌ను తినే చేపల పెంపకంలో ఐరోపా సమాఖ్య గాని, అమెరికా గాని అనుమతించవు. అటువంటి పదార్థం ఇంటి అలమారలో, పిల్లల చేతికందే చోట, పేరు లేకుండా ఉండడం అల్ప విషయమా?

పేరు చెప్పని మందు ఎంత దూరం పోగలదో చరిత్ర చెప్పింది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మంచి మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవంలో కరిగించి "ఎలిక్సిర్" అనే పేరుతో అమ్మారు. వందమందికి పైగా మరణించారు. వారిలో అనేకులు పిల్లలు. అప్పటి చట్టంలో ఆ సీసాలను స్వాధీనం చేసుకోవడానికి అధికారులకు దొరికిన ఆధారం ఒక్కటే. ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు, కనుక పేరు తప్పు. విషాన్ని పట్టుకొన్నది పేరు! మరుసటి సంవత్సరం, 1938లో, అక్కడ క్రొత్త చట్టం వచ్చింది.

అంత దూరం పోనక్కరలేదు. మా తొట్టిలోని ప్రశ్నే మన తెలుగువారి కోస్తా చెరువుల గట్టున వేయిరెట్లు పెద్దదై నిలిచింది. 2002లో ఐరోపా సమాఖ్య భారతదేశం సహా ఆసియా దేశాల రొయ్యలలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలను కనుగొని తనిఖీలను కఠినం చేసింది. క్లోరాంఫెనికాల్ అరుదుగానైనా రక్తం పుట్టే ఎముక మజ్జనే నాశనం చేయగలదు. 2016లో మన దేశపు రొయ్యల సరకులో పరీక్షించే భాగాన్ని ఆ సమాఖ్య 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. రైతు తెలిసి వేసిన మందు ఉంటే అది అతని తప్పు. దాణాలోనో, "నీటి శుద్ధి" పొడిలోనో, "పెరుగుదల టానిక్కు"లోనో చెప్పకుండా కలిపి ఉంటే ఆ తప్పు ఎవరిది? సరకు తిరిగి వచ్చినప్పుడు నష్టపోయేది మాత్రం రైతే. అందుకే 2005 నాటి చట్టంతో ఏర్పడిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, చెరువులలో వాడే దాణా, మందులు మొదలైన వాటిని నిషిద్ధ యాంటీబయాటిక్కులు లేవని పరీక్షించి నమోదు చేసే పద్ధతిని పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో చేపల దాణా నాణ్యతకు ప్రత్యేక చట్టమే చేసింది. నష్టం కోట్లలో ఉన్న చోట చట్టం మేలుకొన్నది. నష్టం నాలుగు చేపలైన చోట ఇంకా నిద్రిస్తున్నది.

ఉన్న చట్టాలు తక్కువేమీ కావు. 1940 నాటి డ్రగ్స్ చట్టం జంతువుల మందులకు కూడ వర్తిస్తుంది. కాని "నీటి శుద్ధి ద్రవం" అని పేరు మార్చుకొన్న సీసా దాని చూపు నుండి జారిపోగలదు. 2011 నాటి ప్యాకేజీ సరకుల నిబంధనలు చిరునామా, పరిమాణం, ధర అడుగుతాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు గుణాన్ని, శక్తిని, స్వచ్ఛతను తెలుసుకొనే హక్కు మనకున్నదని చెబుతుంది. ఆ హక్కు సీసా మీద అక్షరాలుగా మారవలసి ఉన్నది.

అక్షరాలంటే ఏ అక్షరాలు? ప్యాకేజీ నిబంధనల ప్రకారం వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలును. మా తండ్రిగారు తెలుగు చక్కగా చదువుతారు. మా పొరుగువారు ఉర్దూ చదువుతారు. ఇద్దరికీ ఆ సీసా మూగదే. రెండు భాషలలో సంచిక వెలువరించే మన కళాశాల వారికి ఈ బాధ వేరుగా వివరించనక్కరలేదు.

నేను కోరేది ఆరు విషయాలు: పదార్థాల పేర్లు, 100 మిల్లీలీటర్లలో వాటి పరిమాణం, లీటరు నీటికి మోతాదు, చికిత్స సాగించవలసిన రోజులు, నత్తలు, మొక్కలు, మనుష్యుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు, తయారైన తేదీ, గడువు. వీటిని కొనేవారి భాషలో వ్రాయాలి. ఇందుకయ్యే ఖర్చు ఎగిరే చేప బొమ్మకయ్యే ఖర్చు కంటె ఎక్కువ కాదు.

దుకాణదారును నిందించడం నా ఉద్దేశం కాదు. మేము అడిగినప్పుడు అతడు, "లోపల ఏమున్నదో నాకేమి ఎరుక సార్, పైనుండి వచ్చింది, అమ్ముతున్న" అన్నాడు. అతడు నిజమే చెప్పాడు. ఆ సీసా ప్రయాణంలో నిజం చెప్పినవాడు అతడొక్కడే. తెలుగులో నమ్మకమన్నా, ఉర్దూలో ఏత్‌బార్ అన్నా, అది కొనేవాడు మాత్రమే చూపవలసిన గుణం కాదు. అమ్మేవాడు ముందుగా సంపాదించుకోవలసిన ఆస్తి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు రసాయనశాస్త్రజ్ఞులు, కొందరు వ్యాపారులు, కొందరు అధికారులు కానున్నారు. ఆ రోజు వచ్చేవరకు చేయగల పని ఒకటున్నది. పేరు లేని సీసాను చేతిలోకి తీసుకొన్నప్పుడు, డబ్బు ఇచ్చే ముందు, "ఇందులో ఏమున్నది?" అని అడగండి. జవాబు రాకపోతే సీసాను బల్ల మీదనే ఉంచి రండి. మా తండ్రిగారు ఇప్పుడు అదే చేస్తున్నారు. తొట్టి ఇంకా ఖాళీగానే ఉన్నది. పదార్థాల పేర్లు వ్రాసిన సీసా ఒకటి దొరికిననాడు మళ్లీ చేపలను తెద్దామని పిల్లలకు మాట ఇచ్చారు.