సాఫ్ట్‌వేర్‌కూ మూల విత్తనం అవసరం

ఎరువుల మోతాదు, నీటి తడి, చీడపీడల హెచ్చరిక వంటి సలహాలు నేడు మొబైల్ యాప్‌ల ద్వారా కూడా రైతులకు చేరుతున్నాయి. ప్రతి యాప్‌లోనూ అదే లెక్కను మొదటి నుంచి మళ్ళీ రాయడం వలన శ్రమ వృథా కావడమే గాక, రైతుకు తప్పు సలహా అందే ప్రమాదమూ పెరుగుతుంది.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. పైరుకు హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం (పెంటాక్సైడ్ రూపంలో) సిఫారసు చేశారనుకొందాం. భాస్వరాన్ని డి.ఎ.పి. ద్వారా అందించాలంటే సుమారు 130 కిలోల డి.ఎ.పి. కావాలి. అందులో 18 శాతం నత్రజని ఉన్నందున 23.5 కిలోల నత్రజని దాని నుంచే లభిస్తుంది. మిగిలిన దానికి 210 కిలోల యూరియా సరిపోతుంది. డి.ఎ.పి.లోని నత్రజనిని మినహాయించని ప్రోగ్రాం 261 కిలోల యూరియాను సూచిస్తుంది. అంటే హెక్టారుకు 45 కిలోల బస్తా కంటే ఎక్కువ యూరియా వృథా అవుతుంది. ఈ లెక్కను ఐదు యాప్‌లలో ఐదుగురు విడివిడిగా రాస్తే, ఐదింటినీ విడివిడిగా సరిచూడవలసి వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌ను సిద్ధంగా ఉన్న విడిభాగాలతో కూర్చాలని 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సదస్సులో డగ్లస్ మెక్‌ల్రాయ్ ప్రతిపాదించారు. పంటల నమూనాల రంగం ఈ మార్గాన్ని అనుసరించింది. డి.ఎస్.ఎస్.ఎ.టి.ని పునర్నిర్మించినప్పుడు నేలలోని నీరు, నత్రజని లెక్కలను ఉమ్మడి భాగాలుగా రూపొందించి, వేర్వేరు పంటల నమూనాలకు జోడించారు. ఉమ్మడి భాగంలో ఒకసారి చేసిన సవరణ, దానిని వాడే పంటలన్నింటికీ వర్తిస్తుంది.

అయితే మంచి ఎంత సులభంగా వ్యాపిస్తుందో, తప్పు కూడా అంతే సులభంగా వ్యాపిస్తుంది. ఏరియన్ 4 రాకెట్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని ఏరియన్ 5లో వాడినప్పుడు, కొత్త రాకెట్ వేగానికి సంబంధించిన ఒక విలువ ఆ భాగం పరిమితిని మించిపోయింది. 1996 జూన్ 4న తొలి ప్రయోగంలోనే ఆ రాకెట్ ధ్వంసమైంది. వ్యవసాయంలోనూ ఇటువంటి పరిమితులు ఉన్నాయి. ఎఫ్.ఎ.ఓ. పెన్‌మన్-మాంటీత్ సూత్రానికి 2 మీటర్ల ఎత్తులోని గాలి వేగం కావాలి. 10 మీటర్ల ఎత్తులో కొలిచిన విలువను సుమారు 0.75తో గుణించకుండా వాడితే, నీటి అవసరం ఎక్కువగా కనిపిస్తుంది.

కనుక విశ్వవిద్యాలయాలు ఉమ్మడి సాఫ్ట్‌వేర్ భాగాల భాండాగారాన్ని ఏర్పాటు చేయడం సముచితం. ప్రతి భాగంతోపాటు కొలమానాలు (ఎకరమా, హెక్టారా), వర్తించే పరిమితులు, సరిచూసిన ఒక ఉదాహరణ, సవరణల సంఖ్య, బాధ్యత వహించే విభాగం పేరు ఉండాలి. పై ఎరువుల లెక్కనే తొలి పరీక్షగా తీసుకోవచ్చు. క్షేత్ర పరిస్థితులు ఎరిగిన విస్తరణ శాస్త్రవేత్తలు ఆ పరిమితులను నిర్ణయించాలి. ఇటువంటి భాగాన్ని రూపొందించిన విద్యార్థి కృషిని పరిశోధన ఫలితంగా గుర్తించాలి. అలా గుర్తించకపోతే, సిద్ధాంత గ్రంథం కోసం రాసిన ప్రోగ్రాం పట్టాతోపాటే మరుగున పడుతుంది.

మూల విత్తనంలో కల్తీ ఉంటే, దాని నుంచి వృద్ధి చేసిన విత్తనమంతటా ఆ కల్తీ వ్యాపిస్తుంది. అందుకే ధృవీకృత విత్తనోత్పత్తిలో పొలం తనిఖీ తప్పనిసరి. పదిమంది వాడుకొనే సాఫ్ట్‌వేర్ భాగానికీ అదే స్థాయి తనిఖీ జరగాలి.