రేడియోధార్మికత ఫిజిక్సు ఒక్కటేనా?

మన పాఠ్యపుస్తకాల్లో రేడియోధార్మికత ఫిజిక్సు పాఠం. ఆల్ఫా, బీటా, గామా కిరణాలు, అర్ధాయుష్షు లెక్క, అక్కడితో సరి. ఇది చాలదని నా అభిప్రాయం. రియాక్టరు ప్రమాదం జరిగితే దూరపు ఊళ్ళమీద వచ్చిపడేది దుమ్ము. ఆ దుమ్ము నీటిలో కరుగుతుందా, మట్టికి అంటుకుంటుందా, పైరులోకి పోతుందా అన్నవి కెమిస్ట్రీ ప్రశ్నలు.

ఒక గ్లాసు నీళ్ళలో చెంచాడు ఉప్పు, మరో గ్లాసులో చెంచాడు మంగినపూడి ఇసుక వేసి కలపండి. ఉప్పు కనబడకుండా పోతుంది, ఇసుక అడుగున కూర్చుంటుంది. సీజియం-137 ఈ రెండు విధాలుగానూ రాగలదు.

2011 మార్చిలో జపానులోని ఫుకుషిమాలో ఇంధనం కరిగింది. సీజియం 671 డిగ్రీల సెంటీగ్రేడుకే మరిగే మూలకం, అందుచేత తేలికగా ఆవిరైంది. అందులో చాలాభాగం నీటిలో కరిగే రూపంలోనే నేలకు దిగింది. కాని 170 కిలోమీటర్ల దూరాన ఉన్న త్సుకుబాలో గాలి వడపోత కాగితాలమీద మరో వింత దొరికింది. సుమారు రెండు మైక్రోమీటర్ల గాజుగోళీలు! సిలికా, ఇనుము, జింకులతోపాటు సీజియం అందులో బందీ అయి ఉంది. వానకు అది కరగదు. పైరు వేళ్ళకు అందదు, నిజమే. ఊపిరితో లోపలికి పోతే మాత్రం త్వరగా బయటికి రాదు. రెండు రూపాలకూ కొలిచే యంత్రం చూపే బెక్వెరెల్ అంకె ఒకటే కావచ్చు. ఆ అంకె ఒక్కటే చెప్పి ఊరుకునేవారిని నేను నమ్మను.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో ఇంధనమే, అంటే యురేనియం డయాక్సైడే, తునకలై ఎగిరింది. మొదటి పేలుడులో వెలువడిన రేణువులు నేలలో నెమ్మదిగా కరిగాయి. తరువాతి రోజుల్లో ఆక్సిజన్ సోకి కాలినవి త్వరగా కరిగి, తమలోని స్ట్రాన్షియం-90ని వదిలాయి. స్ట్రాన్షియం కాల్షియం కుటుంబంలోది. ఎముకల్లోకి ఎందుకు చేరుతుందో ఆవర్తన పట్టిక చూస్తే మీకే తెలుస్తుంది.

అదే పట్టికలో పొటాషియం కింది గడుల్లో సీజియం ఉంది. వరివేరు రెంటినీ సరిగా పోల్చుకోలేదు. అందుకే ఫుకుషిమా రైతులు మడుల్లో పొటాష్ ఎక్కువగా వేశారు, బియ్యంలోకి చేరే సీజియం తగ్గింది. మట్టికీ ఇందులో పాత్ర ఉంది. ఇల్లైట్ అనే బంకమన్ను పొరల అంచుల్లో సీజియం గట్టిగా ఇరుక్కుంటుంది. నల్లరేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ పట్టు అంత గట్టిది కాదు. పైగా నీరు నిలిచిన మడిలో పేరుకునే అమ్మోనియం, సీజియాన్ని కొంత విడిపిస్తుంది. గుడివాడ, దివిసీమ చేలన్నీ నీరు నిలిచే మడులే కదా!

మనకు దగ్గరలో రియాక్టరు లేదు గదా అంటారేమో. 2004 డిసెంబరు 26న బందరు తీరాన్ని తాకిన సునామీయే కల్పాక్కంలోనూ పంపుహౌసులోకి నీరు తెచ్చింది. అక్కడ నడుస్తున్న రియాక్టరును క్షేమంగా ఆపారు, రేడియోధార్మికత బయటపడలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. కట్టాలా వద్దా అన్నది పెద్దలు తేల్చుకోవలసిన తగవు. నేను అడిగేది అంతకంటె చిన్న పని. తీరప్రాంతపు మట్టి సీజియాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో ముందే కొలవాలి. రేడియోధార్మికత లేని మామూలు సీజియం-133తోనే ఈ పరీక్ష చెయ్యవచ్చు, రెంటి కెమిస్ట్రీ ఒకటే. ఆ అంకెలు తెలుగులో అచ్చువేసి ఊరూరికీ పంపాలి. ఎప్పుడైనా అవసరం పడితే నాగాయలంక రైతు ఏ మడికి ఎంత పొటాష్ వెయ్యాలో ఆ కాగితం చూసి చెప్పవచ్చు.