థైరాయిడ్ తక్కువైతే అయోడిన్ మింగాలా?

"హకీమ్ సాబ్, నాకు థైరాయిడ్ తక్కువ అన్నారు. అంటే ఒంట్లో అయోడిన్ తక్కువైనట్టే కదా? మా ఆడపడుచు దుబాయి నుండి ఈ బిళ్ళలు పంపింది." ఈ మాట నేను తరచూ వింటున్నాను. సంచిలో నుండి ముందుగా సముద్రపు నాచుతో చేసిన కెల్ప్ బిళ్ళల డబ్బా బయటికి వస్తుంది. తర్వాత జుట్టు రాలకుండా ఒకటి, సెలీనియం ఒకటి, కాల్షియం ఒకటి. డాక్టరు రాసిచ్చిన అసలు గోలీ ఏదమ్మా అంటే, "అది జీవితాంతం వేసుకోవాలంట, అందుకే మానేశాను" అంటారు.

మదనపల్లె, కదిరి, హిందూపురం, పుంగనూరు వైపు నుండి వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డ మన కుటుంబాలలో ఈ జబ్బు కొత్తేమీ కాదు. బెంగుళూరు, హైదరాబాదులతో సహా 8 నగరాలలో 5 వేల మందికి పైగా పెద్దవారిని పరీక్షించి 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. నూటికి దాదాపు 11 మందిలో థైరాయిడ్ గ్రంథి మందగించినట్లు తేలింది. ఆడవారిలో ఇంకా ఎక్కువ. ఇంతమందికి సంబంధించిన విషయం గనుక, యునానీ హకీముగా ఉండి కూడా ఒక మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను. మన ఊళ్ళో కనిపించే థైరాయిడ్ లోటుకు చాలావరకు అయోడిన్ మందు కాదు. పైగా కొందరికి అది హాని చేస్తుంది.

ఈ నమ్మకం గాలిలో నుండి పుట్టింది కాదు. గొంతు కింద గడ్డలా లేచే వాపుకు పాతకాలపు తబీబులు సముద్రపు స్పంజిని కాల్చి ఆ బూడిద ఇచ్చేవారు. కొందరికి గుణం కనిపించేది. ఎందుకు కనిపించేదో వారికి తెలియదు. 1811లో ఫ్రాన్సులో కుర్త్వా అనే ఆయన సముద్రపు నాచు బూడిద నుండి అయోడిన్ కనిపెట్టాడు. 1820లో జెనీవా డాక్టరు క్వాండే, స్పంజిలో పనిచేసేది ఇదే అయివుంటుందని ఊహించి గలగండానికి దానినే ఇచ్చాడు. మన దేశంలో ఈ సంగతిని పెద్దఎత్తున రుజువు చేసినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన బృందం 1956 నుండి హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి చూసింది. అయోడిన్ ఉప్పు తిన్నచోట గలగండం తగ్గిపోయింది. 1962లో ప్రభుత్వం గలగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది.

అది కొండప్రాంతం. అక్కడి మట్టిలో, నీటిలో అయోడిన్ లేక వచ్చిన జబ్బు. మన వంటింటి సంగతి వేరు. 2006 మే నుండి దేశమంతటా తినే ఉప్పు అయోడిన్ కలిపే అమ్మాలి. మన చేతికి వచ్చేసరికి గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. పెద్దవారికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250. మన కూరలు, పచ్చళ్ళు, బిర్యానీ లెక్క వేస్తే మనిషి రోజుకు 8 గ్రాముల ఉప్పు తినడం వింత కాదు. అంత తినమని నేను చెప్పడం లేదు, 5 గ్రాములు దాటకపోతే బి.పి.కి మంచిది. మన ఇళ్ళలో అయోడిన్ కరువు సాధారణంగా ఉండదని మాత్రమే చెబుతున్నాను. పాలు, గుడ్లు, చేపల ద్వారా మరికొంత వస్తుంది.

మరి గ్రంథి ఎందుకు మందగిస్తోంది? ఎక్కువమందిలో శరీరంలోని రక్షణ శక్తే దారి తప్పి, సొంత గ్రంథినే శత్రువుగా భావించి కొద్దికొద్దిగా పాడుచేస్తోంది. దీనిని 1912లో జపాను వైద్యుడు హషిమోటో మొదట వర్ణించాడు గనుక ఆయన పేరే పెట్టారు. పొయ్యి పగిలిపోయినప్పుడు కట్టెలు ఎన్ని తెచ్చి పోసినా అన్నం ఉడకదు. ఆపరేషనులో గ్రంథి తీసేసినవారికైతే అసలు పొయ్యే లేదు.

అంతటితో పోతే డబ్బు దండగ అని ఊరుకోవచ్చు. అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే గ్రంథి తన పని ఆపేస్తుంది. ఆరోగ్యవంతుడిలో కొద్దిరోజులకు మళ్ళీ మొదలవుతుంది. హషిమోటో జబ్బు ఉన్నవారిలో ఆ తేరుకునే శక్తి తక్కువ, మందగించినది ఇంకా మందగిస్తుంది. జపానులో హొక్కైదో తీరాన నాచు విపరీతంగా తినే పల్లెలలో అయోడిన్ ఎక్కువై గలగండం వచ్చిన సంగతి 1960లలోనే నమోదైంది. కెల్ప్ బిళ్ళలో అయోడిన్ ఎంత ఉందో డబ్బా మీద రాసినదాన్ని కూడా నమ్మలేం, ఒక్కో రకం నాచులో ఒక్కోలా ఉంటుంది. కొందరు లూగోల్ ద్రావణం చుక్కలు నీళ్ళలో వేసుకొని తాగుతున్నారు. 5 శాతం ద్రావణం ఒక్క చుక్కలో సుమారు 6 వేల మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటుంది. అంటే 40 రోజులకు సరిపడేది ఒక్క గుక్కలో!

"మీరు హకీమై ఉండి ఇంగ్లీషు గోలీ వేసుకోమంటారా?" అని నన్ను నిలదీసిన పెద్దలున్నారు. అవును, వేసుకోమంటాను. లెవోథైరాక్సిన్ అనేది గ్రంథి తయారుచేయవలసిన పదార్థమే. గ్రంథి చేయలేకపోతున్నది బయటి నుండి ఇస్తున్నాం, అంతే. బల్గమీ మిజాజ్ అని, బరూదత్ అని నేను నాడి చూసి చెప్పగలను. మలబద్ధకానికి, పొడిబారిన చర్మానికి, పరహేజ్‌కు సలహా ఇవ్వగలను. ఆ హార్మోను స్థానంలో నిలబడే మాజూన్ మాత్రం నా అల్మారాలో లేదు. "థైరాయిడ్ జడ్ సే ఖతమ్" అని గోడల మీద రాయించుకునేవారి దగ్గర ఉందని నేను నమ్మను. గోలీ మాన్పించి తన మందు అమ్ముకునేవాడు తిబ్బ్‌కే చెడ్డపేరు తెస్తున్నాడు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది కొత్త కోడళ్ళ విషయం. గర్భంలో మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాక్సినే ఆధారం. అప్పటికి బిడ్డ గ్రంథి ఇంకా సరిగా పని మొదలుపెట్టదు. అప్పుడు తల్లికి గోలీ మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే "కడుపుతో ఉన్నప్పుడు మందులు ఎందుకు" అని అత్తమ్మలు మాన్పిస్తున్నారు! నెల తప్పిందని తెలిసిన వారంలోనే డాక్టరు దగ్గరకు పంపండి. అయోడిన్ బిళ్ళ విడిగా కావాలా వద్దా అన్నది ఆ డాక్టరే చెప్పాలి. ఇంకో పొరపాటు కూడా ఆ ఇళ్ళలోనే చూస్తున్నాను. ఆరోగ్యానికి మంచిదని అయోడిన్ లేని సైంధవ లవణం, లాహోరీ నమక్ తెచ్చి ఇంటిల్లిపాదికీ అదే వాడుతున్నారు. ఒకరు అయోడిన్ మింగి చెడితే ఇంకొకరు మాని చెడుతున్నారు. గర్భిణి ఉన్న ఇంట్లో మామూలు అయోడిన్ ఉప్పే ఉండాలి, మూత గట్టిగా పెట్టి, పొయ్యికి దూరంగా.

ఇక మిగతా డబ్బాలు. ఐరన్, కాల్షియం బిళ్ళలు కడుపులో థైరాక్సిన్‌ను పట్టుకొని రక్తంలో కలవనివ్వవు. గర్భిణులకు సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే బిళ్ళలు సరిగ్గా ఈ రెండే. అవి మానకూడదు, 4 గంటల ఎడం పాటించాలి. మా యునానీ మందులకూ ఇదే లెక్క. షర్బత్ ఫౌలాద్, కుష్తా ఫౌలాద్ అంటే ఇనుమే. కుష్తా మర్జాన్, కుష్తా సదఫ్, ముత్యాల ఖమీరా అంటే సున్నమే. ఇస్పగోలు పొట్టు కూడా గోలీతో కలిపి తీసుకోవద్దు. అస్గంధ్ కొందరిలో థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది. గోలీతో పాటు అదీ తింటే గుండె దడ పుట్టవచ్చు, కాబట్టి ఇద్దరు వైద్యులకూ చెప్పకుండా వాడవద్దు. సెలీనియం అతిగా తింటే ఏ జుట్టు కోసం తింటున్నారో ఆ జుట్టే రాలుతుంది. బి-12, విటమిన్ డి లోటు ఉందని పరీక్షలో తేలితే అవి వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

జుట్టు బిళ్ళలలో ఉండే బయోటిన్ గురించి తెలిసినవారు తక్కువ. అది కొన్ని లాబ్‌లలో పరీక్ష ఫలితాన్నే తారుమారు చేస్తుంది. టి.ఎస్.హెచ్. తక్కువగా, టి-4 ఎక్కువగా చూపిస్తుంది. అది చూసి గోలీ ఎక్కువైందనుకొని మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది. రక్తం ఇవ్వడానికి కనీసం 2 రోజుల ముందు అది మానండి, వాడుతున్నట్లు డాక్టరుకు చెప్పండి.

రోజూ గోలీ పరగడుపున నీళ్ళతో వేసుకొని, చాయ్, నాష్తా అరగంట నుండి గంట ఆగి తీసుకోవాలి. రంజానులో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఇఫ్తార్‌లో ఖర్జూరంతో పాటు వేసుకుంటే వెంటనే తిండి పడుతుంది, సరిగా ఒంటబట్టదు. సహరీకి అరగంట, వీలైతే గంట ముందు లేచి వేసుకోండి. అది కుదరకపోతే తరావీహ్ తర్వాత, రాత్రి తిండి ముగించిన 3 గంటలకు పడుకునే ముందు వేసుకోండి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకొని నెలంతా అదే వేళకు వేసుకోండి. ఈద్ తర్వాత ఆరు వారాలకు టి.ఎస్.హెచ్. ఒకసారి చూపించుకోండి.